పెళ్ళివారి లాంచీ

నాగలింగం గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందుగా చెప్పులు వెతుక్కునేవారు. అవి దొరికాక "పద, అలా వెళ్ళొద్దాం" అనేవారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే. సమాధానం సంతలోనో, చేనుగట్టు మీదో, ఎవరింటి అరుగు మీదో ఎదురయ్యేది. ఒక్కోసారి ఎదురయ్యేది కాదు. అప్పుడు కూడా ఆయన చిన్నబుచ్చుకోకుండా, "ఇవాళ్టికి కాళ్ళు సాగాయి, చాలు" అని వెనక్కి తిరిగేవారు. పెదగరువులో కాలవగట్టు పక్కన ఆయనకి ఒక తాటాకు పాక, కాసిని అరటిచెట్లు, బోలెడంత మంది శిష్యులు ఉండేవారు. వాదానికని వచ్చిన పండితులు మాత్రం తొందరగానే వెళ్ళిపోయేవారు. అంత నడక వాళ్ళకి పడేది కాదు.

ఆ శిష్యుల్లో దివాకరం ఒకడు. ఆ ప్రాంతపు శాసనసభ్యుడు. మనిషి మంచివాడు, మాట చల్లన. తన దగ్గరికి వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపినా సంతోషంగా పంపగలడని పేరు. ఆ ఏడు దేశానికి నూనె కరువొచ్చింది. కిరసనాయిలు కొట్ల ముందు డబ్బాలు బారులు తీరాయి. బస్సులు సగానికి సగం ఆగిపోయాయి. ఏం చేయాలో ఆలోచించమని సర్కారు కొందరు సభ్యులతో ఒక సంఘం వేసింది. అందులో దివాకరం పేరు కూడా ఉంది. సంఘం ముందుకి ఇంజనీర్లు వచ్చి ఉన్నమాట ఉన్నట్టు చెప్పారు. భూమిలో నూనె చెలమలో నీరు కాదు, తోడితే మళ్ళీ ఊరదు. ఈ కరువు ఇవాళ పోయినా రేపు పెద్దదై వస్తుంది. చేతిలో కాస్త నూనె ఉండగానే జనానికి చెప్పి, అది లేకుండా నడిచే దారులు ఇప్పటినుంచే వేసుకోవాలి. విన్నవాళ్ళందరూ తలలూపారు. అధ్యక్షుడు గారు గొంతు సవరించుకుని, "చాలా విలువైన మాట. ఎన్నికలు కానీండి, తీరిగ్గా చూద్దాం" అన్నారు. తర్వాత టీ వచ్చింది, నేతిలో వేయించిన జీడిపప్పు వచ్చింది. దివాకరం కూడా నాలుగు పలుకులు నోట్లో వేసుకుని ఇంటికొచ్చాడు. అవి ఆ రాత్రంతా అరగలేదు.

అందుకే మర్నాడు గురువుగారి పాక ముందు కూలబడ్డాడు.

"ఆ గదిలో తెలియనివాడు ఒక్కడూ లేడు గురువుగారూ. అయినా బయటికొచ్చి చెప్పటానికి ఒక్కడికీ నోరు పెగల్లేదు, నాతో సహా. మేం పిరికివాళ్ళమా, చెడ్డవాళ్ళమా? ఏమిటిది?"

నాగలింగం గారు చెప్పుల కోసం చూశారు. కానీ లేవలేదు. "రేపు మన ముత్యాలరావు కొడుకు పెళ్ళి. ఆడపెళ్ళివారిది చినలంక. లాంచీ మాట్లాడాడు, నన్నూ రమ్మన్నాడు. నువ్వూ రా" అన్నారు.

"నేనడిగింది..."

"లడ్లు బాగా చేయించాడట" అన్నారు ఆయన.

మాఘమాసం. కాలవకి రెండు పక్కలా దాళ్వా వరి నాట్లు పచ్చగా తల ఊపుతున్నాయి. పొద్దున్నే లాంచీ పెదగరువు రేవు వదిలింది. దాని ఒంటి నిండా మామిడాకులు, బంతిపూల దండలు, రంగు కాయితాల జెండాలు. ఇంజనుకి తగిలించిన డైనమోతో పట్టపగలే రంగు దీపాలు వెలుగుతున్నాయి. పైన కట్టిన మైకులో రికార్డులు ఊరూవాడా అదిరేలా మోగుతున్నాయి. పెళ్ళికొడుకు శేషగిరి బుగ్గన చుక్కతో, పట్టుపంచెతో, చాపల మధ్య కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. తండ్రి ముత్యాలరావు ఒక చోట నిలవకుండా తిరుగుతున్నాడు. ముత్యాలరావు అక్క బంగారమ్మ ఆడవాళ్ళ మధ్య చేరి తాంబూలాలు చుడుతూ, గొంతుతో మైకుని ఓడిస్తోంది. సన్నాయివాళ్ళకి పని లేక ఒక మూల కునుకు తీస్తున్నారు.

ముహూర్తం గోధూళివేళ. సాయంత్రం ఎండ వాలేలోగా కాలవ చివర లాకు చేరాలి. లాకు దాటితే గోదావరి పాయ, పాయకి అవతల చినలంక. అక్కడ ఆడపెళ్ళివారు ఎదురుసన్నాహానికి మేళతాళాలతో నిలబడి ఉంటారు. పెళ్ళికూతురి తాత వీరాస్వామి గారు పట్టింపుల మనిషి. వెనక ఒకసారి వియ్యంకులు ఆలస్యంగా వచ్చారని పందిట్లో పీటలు ఎత్తించేసిన ఘనుడని చుట్టుపక్కల చెప్పుకుంటారు.

గురువుగారు ఇంజను గది పక్కన నీడ చూసుకుని కూర్చున్నారు. దివాకరం కూడా అక్కడే కూర్చున్నాడు. కాసేపటికి సరంగు మస్తాను చుక్కాని ఇంకొకరికి అప్పజెప్పి వచ్చి, డీజిలు టాంకు మూత తీసి, సన్నటి వెదురుపుల్ల లోపలికి దించి చూశాడు. చూసి, గబుక్కున లుంగీకి తుడిచేశాడు. తల ఎత్తేసరికి దివాకరం తనకేసే చూస్తున్నాడు. మస్తాను మొహం తేలు కుట్టిన దొంగ మొహమైంది.

"ఏంటి సంగతి?" అని అడిగాడు దివాకరం మెల్లగా.

"ఏం లేదండి. డిపోలో సగమే పోశారండి. తక్కింది ఎల్లుండి రమ్మన్నారండి. ఎల్లుండిదాకా పెళ్ళి ఆగుతుందాండి?"

"మరి సరిపోతుందా?"

"కాలవ వరకూ ఎలాగోలా లాగించేస్తానండి. లాకు దాటాక పాయ ఉంది గదండి..." మస్తాను తూర్పుకేసి, సముద్రం ఉన్నవైపు ఒకసారి చూశాడు. "పొద్దువాలాక ఆటు మొదలవుద్దండి. ఆటులో ఇంజను ఆగితే నీళ్ళు ఎటు తీసుకెళితే అటేనండి. అంతదాకా రానివ్వడు లెండి, దేవుడున్నాడు. మీ కడుపులో పెట్టుకోండి బాబూ. శుభమా అని వెళుతున్నారు, హడలిపోతారు."

దివాకరం లేచి ముత్యాలరావు దగ్గరికి వెళదామనుకున్నాడు. కానీ అప్పుడే ముత్యాలరావు తమ్ముడు జగ్గారావు జబ్బలు చరుచుకుంటూ వచ్చాడు. ఆజానుబాహువు, పెళ్ళికొడుక్కి బాబాయి. ఏ పెళ్ళికైనా సగం సందడి తనదే అనుకునే మనిషి.

"ఎమ్మెల్యే గారూ, మీరో మాట చెప్పాలి. ఇక్కడ పక్క కాలవలోకి మళ్ళితే మా వదినగారి పుట్టిల్లు. రేవు ముందు ఒక్క చుట్టు తిరిగి, నాలుగు రికార్డులు వేసి వచ్చేద్దాం. మావాడి పెళ్ళి ఎలా జరుగుతోందో వాళ్ళూ చూడాలి గదా! మీరు ఊఁ అంటే ఇక అన్నయ్య కాదనడు."

అందరూ దివాకరం వైపు చూశారు. మస్తాను కూడా చూశాడు. ఆడవాళ్ళ కళ్ళల్లో ఉత్సాహం, పిల్లల కేరింతలు, జగ్గారావు నోటినిండా నవ్వు. ఇంతమంది ఇంత సంతోషంగా అడుగుతుంటే కాదనటం అతని వృత్తిలో లేదు. 'భోజనాలు కానీ, అప్పుడు తీరిగ్గా చెబుదాం' అనుకున్నాడు మనసులో.

"దానికేం, అలాగే కానివ్వండి" అన్నాడు.

లాంచీ పక్క కాలవలోకి మళ్ళింది. వదినగారి పుట్టింటివాళ్ళు రేవుకొచ్చి అక్షింతలు జల్లారు, అరిసెలు అందించారు. నాలుగనుకున్న రికార్డులు ఎనిమిదయ్యాయి. తిరిగి పెద్ద కాలవలోకి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. దివాకరానికి పులిహోర గొంతు దిగటం లేదు. పక్కన గురువుగారు మాత్రం రెండో లడ్డు తింటున్నారు.

భోజనాలయ్యాయి. దివాకరం ఉండబట్టలేక ముత్యాలరావుని ఒక పక్కకి తీసుకెళ్ళి, డీజిలు సంగతి చెవిలో చెప్పాడు. ముత్యాలరావు ఉలిక్కిపడలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "నాకు పొద్దుటే తెలుసండి. లాంచీ ఎక్కకముందే చెప్పాడు మస్తాను. మా అక్కయ్య చెవిన మాత్రం పడనివ్వకండి. ఆవిడకి అసలే రక్తపోటు."

అక్కడినుంచి దివాకరం రెండడుగులు వేశాడో లేదో, బంగారమ్మ తాంబూలం ఇస్తున్నట్టు దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "బాబూ, పెద్దవారు, మీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను? లాంచీలో నూనె అయిపోవచ్చిందట. వంటాయన చెప్పాడు. మా తమ్ముడికి తెలిసిందంటే గుండె ఆగిపోతుంది. మీ మనసులో ఉంచుకుని ఏదైనా ఉపాయం చూడండి."

ఇక పెళ్ళికొడుకు. శేషగిరి నీళ్ళు తాగే వంకన లేచి వచ్చి, సిగ్గుపడుతూ అన్నాడు: "సార్, మస్తాను గారు పుల్ల ముంచి చూడటం నేను చూశానండి. నాన్నకి, అత్తయ్యకి తెలియదు. పెళ్ళిపూట వాళ్ళని ఎందుకు బాధపెట్టటమని ఊరుకున్నాను."

దివాకరం నిలుచున్నచోటే నిలబడిపోయాడు. చుట్టూ చూస్తే మైకు హోరులో అందరూ నవ్వుతున్నారు, తలలూపుతున్నారు, ఒకరికొకరు వక్కపలుకులు అందించుకుంటున్నారు. అచ్చం ఆ గదిలోలాగే. భోజనాలు కానీ అనుకున్నప్పుడు తన లోపల మాట్లాడింది ఎవరి గొంతో అతనికి ఇప్పుడు వినపడింది. అధ్యక్షుడు గారి గొంతే.

వెళ్ళి గురువుగారి పక్కన కూర్చుని, చెవి దగ్గర వంగాడు. "గురువుగారూ, లాంచీలో డీజిలు అయిపోవచ్చింది."

"ఏమిటీ?" అన్నారు నాగలింగం గారు.

"డీజిలండీ... లాకు దాటాక..."

"ఈ హోరులో ఏం వినపడుతుంది నాయనా? కాస్త గట్టిగా చెప్పు."

దివాకరం ఆయన మొహంలోకి చూశాడు. ఆయన చెవికి దోమ అడుగుల చప్పుడు వినపడుతుందని శిష్యులందరికీ తెలుసు. ఆయన మాత్రం చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని అమాయకంగా చూస్తున్నారు. నిజంగానే వినాలని ఉన్నట్టు, చెప్పకపోయినా తనకేమీ పోదన్నట్టు.

దివాకరం లేచాడు. "మస్తానూ, ఆ పాట ఆపించు" అన్నాడు. పాట ఆగింది. ఒక్కసారిగా ఇంజను చప్పుడు, దాని వెనక నీళ్ళ చప్పుడు వినపడ్డాయి. అందరూ తలలు తిప్పారు. ఎమ్మెల్యే గారు ఆశీర్వచనం చెబుతారు కాబోలనుకుని ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు కూడా.

"లాంచీలో డీజిలు చాలదు" అన్నాడు దివాకరం. "ఇలాగే పోతే లాకు దాకా వస్తుందేమో. లాకు దాటాక పాయలో ఆగిపోతాం. సాయంత్రం ఆటు మొదలైతే మనం వెళ్ళేది చినలంకకి కాదు, సముద్రంలోకి. ఈ సంగతి నాకు పక్క కాలవలోకి మళ్ళకముందే తెలుసు. తెలిసీ ఊఁ అన్నాను."

ముందుగా తేరుకున్నది బంగారమ్మ. "ఆ సంగతి నాకు తెలుసు గానీ... ఒరేయ్ తమ్ముడూ, నువ్వేం బెంగపడకు" అంది.

"నీకు తెలుసా అక్కయ్యా!" అన్నాడు ముత్యాలరావు నోరు తెరిచి.

"నీకూ తెలుసా?" అంది బంగారమ్మ.

"నాకూ తెలుసు అత్తయ్యా" అన్నాడు పెళ్ళికొడుకు కుర్చీలోంచి. ఆ మూలనుంచి వంటాయన, ఈ మూలనుంచి డోలు వాయించేవాడు, గుమ్మం దగ్గర నిలబడ్డ ఇద్దరు ముత్తయిదువలు "మాకూ తెలుసు, మాకూ తెలుసు" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో లాంచీ అంతా నవ్వుల్లో పడింది. బంగారమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. పొద్దుటినుంచి గొంతులో అడ్డం పడిన ముల్లు అందరికీ ఒక్కసారే జారిపోయినట్టుంది.

నవ్వనివాడు ఒక్కడే, జగ్గారావు. అతను ఎర్రగా కందిపోయాడు. "అయితే తెలియనివాణ్ణి నేనొక్కణ్ణేనా?" అని గర్జించాడు. భుజం మీది కండువా తీసి కింద కొట్టాడు. "లాంచీ తిప్పమని నేనంటే ఒక్కడికీ నోరు రాలేదా? ఏం మస్తానూ, ఏమయ్యా ఎమ్మెల్యే! రేపు చినలంకలో పరువుపోతే, జగ్గడు తిప్పించాడంటారు గానీ మీరు ఊరుకున్నారంటారా? నడిమధ్య నన్ను వెధవని చేశారు గదయ్యా అందరూ కలిసి!"

అతనన్నదాంట్లో తప్పులేదు. దివాకరానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జగ్గారావు పిడికిళ్ళు బిగించి అతని మీదికి రెండడుగులు వేశాడు కూడా. అప్పటికి నాగలింగం గారు లేచి, లాంచీ ముందు భాగంలో చుట్ట చుట్టి పడేసిన లావుపాటి మోకు ఒక కొస ఈడ్చుకుంటూ వచ్చారు. ముసలాయన, అది ఆయన చేతుల్లో బరువుగా వేలాడుతోంది.

"బాబూ, జగ్గారావూ, ఇది కాస్త పట్టుకో" అన్నారు.

పెద్దాయన అడిగాడు గదా అని జగ్గారావు పట్టుకున్నాడు. పట్టుకుని, దానికేసి చూసి, గట్టుకేసి చూశాడు. ఆయన ఏమంటున్నారో అతనికి అప్పుడు అర్థమైంది. లాంచీలు రాకముందు ఈ కాలవమీద పడవలన్నీ మనుషులు గట్టునుంచి మోకుతో లాగినవే. జగ్గారావు తాతే లాగించేవాడు.

"ఇంజను ఆపెయ్ మస్తానూ" అన్నాడు బొంగురుగా. "లాకు దాకా గట్టుంది, లాగుతాం. ఆ ఉన్న డీజిలు పాయ కోసం దాచు. పాయలో లాగటానికి గట్టు లేదు."

మస్తాను మొహం విప్పారింది. "నీరు కూడా దిగువకే పారుతోందండి. లాగితే సులువుగానే వస్తుందండి" అన్నాడు, ఈ ఉపాయం ఇందాకటినుంచి తన నోట్లోనే ఉన్నట్టు.

మొదట మగవాళ్ళు దిగారు. దివాకరం ఖద్దరు పంచె ఎగ్గట్టి జగ్గారావు వెనకాలే మోకు పట్టాడు. జగ్గారావు వెనక్కి తిరిగి ఒకసారి గుడ్లురిమి, మళ్ళీ ముందుకి తిరిగి లాగాడు. ఆ లాగుడుకి లాంచీ కదలటమే కాదు, వెనకనున్న నలుగురు ముందుకి తూలారు. పెళ్ళికొడుకు దిగబోతే ముత్తయిదువలు అడ్డుపడ్డారు. బుగ్గచుక్క పెట్టుకున్నవాడు మోకు లాగటమేమిటన్నారు. "పెళ్ళి నాదే గదండీ" అని అతను గట్టుమీదికి దూకేశాడు. ఆ తర్వాత ఇక ఎవరూ ఆగలేదు. ముసలివాళ్ళని, చంటిపిల్లల్ని, కావిళ్ళని లాంచీలో ఉంచి తక్కిన అందరూ గట్టెక్కారు. సన్నాయివాళ్ళు నిద్ర వదిలించుకుని ముందు నడిచారు. పొద్దుటినుంచి మైకు ముందు తమ మాట చెల్లక అలిగినవాళ్ళేమో, ఇప్పుడు డోలు మీద దరువు పడితే కాలవ అవతలి గట్టున కొంగలు లేచాయి. అడుగులు ఆ దరువుకి కుదురుకున్నాయి. బంగారమ్మ చీర దోపుకుని, అప్పటికప్పుడు పాట కట్టి ఎత్తుకుంది.

"మోకు పట్టండి బావలూ, పిల్ల ఎదురు చూస్తోంది! నడుం వంచండి మరుదులూ, నేతి బూరెలు చల్లారిపోతున్నాయి!"

"లాగరా, లాగు!" అని గట్టంతా అందుకుంది.

చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. పూలదండల లాంచీని పట్టుపంచెలవాళ్ళు లాగటం వాళ్ళు ఏ పెళ్ళిలోనూ చూడలేదు. సంగతి అడిగి, పగలబడి నవ్వి, చేతులు కడుక్కుని వచ్చి మోకు పట్టినవాళ్ళు కొందరు. కుండతో మజ్జిగ తెచ్చి పోసినవాళ్ళు కొందరు. ఒక ముసలాయన గట్టున వాళ్ళతోపాటు నడుస్తూ, మోకు చేతులతో కాదు భుజంతో లాగాలని, అడుగు మడమ మీద కాదు మునివేళ్ళ మీద వేయాలని నేర్పాడు. ఆయన చెప్పినట్టు చేస్తే లాంచీ నిజంగానే తేలికైంది. అరచేతులు మండుతున్నా దివాకరానికి ఆ మంట బాగానే ఉంది. ఎన్నాళ్ళుగానో మోస్తున్నదేదో కాలవలో పారేసి, దానికి బదులు ఈ లాంచీని లాగుతున్నట్టుంది. ముందు జగ్గారావు వీపు చెమటతో నిగనిగలాడుతోంది. దారిలో ఎక్కడ పోగొట్టుకున్నాడో గానీ ఆ వీపులో కోపం కనపడటం లేదు. చివరికి బంగారమ్మ పాటకి అతనే ఎదురుపాట అందుకున్నాడు. అందులో ఎమ్మెల్యే పులిహోర తినలేక తంటాలు పడిన ముచ్చట ఒకటి వచ్చింది. అందరికంటే ముందు నవ్వింది దివాకరమే.

లాకు చేరేసరికి ఎండ తాటిచెట్ల నడుములకి దిగింది. మోకు పట్టి వచ్చిన పొరుగూళ్ళవాళ్ళలో సగంమంది "పెళ్ళి చూడకుండా వెళతామా" అని లాంచీ ఎక్కేశారు. లాకు తలుపులు తెరుచుకున్నాయి. మస్తాను బిస్మిల్లా అనుకుని ఇంజను తిప్పాడు. రంగు దీపాలు వెలగలేదు, మైకు పాడలేదు. ఉన్న డీజిలు ప్రతి చుక్కా పాయ దాటటానికే. అప్పటికే ఆటు పట్టింది. గోదావరి తన బలమంతా సముద్రం వైపు లాగుతోంది. నీటి మధ్యకి వెళ్ళేసరికి లాంచీ ముక్కు తూర్పుకి తిరగబోయింది, మస్తాను పళ్ళు బిగించి చుక్కాని మీద వాలి దాన్ని తిప్పాడు. లంక దగ్గరవుతోంది. గట్టున కాగడాలు, గొడుగులు, మనుషులు కనపడుతున్నారు. ఇంజను ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గి, ఆగిపోయింది.

జగ్గారావు అప్పటికే ముక్కు మీద నిలబడి ఉన్నాడు. మోకు చుట్టి గిరగిరా తిప్పి, "వియ్యంకులూ, పట్టుకోండి!" అని విసిరాడు. అది రేవులో నడుంలోతు నీళ్ళల్లో పడింది. ఆడపెళ్ళివారు పట్టుచీరలూ పంచెలూ చూసుకోకుండా దూకి పట్టుకున్నారు. పీటలు ఎత్తించే వీరాస్వామి గారు, ఆలస్యానికి నాలుగు కడిగేద్దామని గట్టున సిద్ధంగా ఉన్న మనిషి, ఎప్పుడు వచ్చి మోకు కొస పట్టారో ఎవరూ చూడలేదు. "లాగండిరా, పాడు మొద్దుల్లారా! అల్లుడు సముద్రంలో పోతే పిల్లని నీకిచ్చి చేస్తానా, నీకిచ్చి చేస్తానా?" అని అందరినీ తిడుతూ లాగారు.

ఆవుల మందలు ఇళ్ళకి మళ్ళి, ఆకాశం కెంజాయగా మారిన వేళకి పీటల మీద పెళ్ళి జరిగింది. పాణిగ్రహణంలో పెళ్ళికూతురు మాణిక్యం, వరుడి చెయ్యి పొక్కులతో గరుగ్గా తగిలేసరికి ఉలిక్కిపడి చూసింది. "ఏమైంది?" అని తల వంచుకునే అడిగింది.

"మీ ఊరు కాస్త దూరం" అన్నాడు శేషగిరి.

ఆమెకి నవ్వాగలేదు. పురోహితుడు మంత్రం ఆపి ఇద్దరికేసీ చూసి, తనూ నవ్వి మళ్ళీ మొదలుపెట్టాడు.

భోజనాల దగ్గర దివాకరం గురువుగారి పక్కన కూర్చున్నాడు. పొక్కులెక్కిన వేళ్ళతో అన్నం కలపటం కష్టంగా ఉన్నా, మూడోసారి వడ్డించుకున్నాడు. ఎదుటి పంక్తిలో జగ్గారావు వియ్యాలవారికి మోకు విసిరిన సంగతి చేతులు తిప్పి తిప్పి చెబుతున్నాడు. దివాకరం అతనికేసి చూసి సంతోషంగా గురువుగారి వైపు తిరిగాడు.

"వచ్చే సమావేశంలో లేచి చెప్పేస్తానండీ. ఇన్నాళ్ళూ ఉత్తపుణ్యానికి భయపడ్డాం. ఉన్నమాట చెబితే జనానికి కోపం రాదని ఇవాళ తెలిసింది."

నాగలింగం గారు నెయ్యి వేయించుకుంటున్నవారల్లా చెయ్యి అడ్డం పెట్టి, శిష్యుడికేసి చూశారు.

"కోపం రాలేదని ఎవరు చెప్పారు నీకు?" అన్నారు. "బిగిసిన చేతుల్లో మోకుంది గదా, నాయనా."